మా వాచ్‌మన్ ఇంటి ధరల సూచీ: ప్రాజెక్టు డైరీ

16 నవంబర్ 2025, ఆదివారం

నెల్లూరు వేదాయపాళెంలో మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, అసోసియేషన్ లెక్కలు రెండేళ్లుగా నేనే చూస్తున్నాను. ఈరోజు మీటింగులో వాచ్‌మన్ జీతం సంగతి వచ్చింది. 2022 అక్టోబర్‌లో 9,000 చేశాం, అప్పటి నుంచి అదే. పెంచుదామని నేనంటే, మూడో ఫ్లోర్ అంకుల్ పేపర్ తీసి చూపించారు. దేశంలో ద్రవ్యోల్బణం అక్టోబర్ నెలకు 0.25 శాతం, ఈ లెక్కల సిరీస్ మొదలయ్యాక ఇదే అతి తక్కువ. "ధరలు పెరగనప్పుడు జీతం ఎందుకు పెంచాలమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ నా దగ్గర సమాధానం లేదు. పెరిగాయని అందరికీ తెలుసు, ఎంత పెరిగాయో ఎవరికీ తెలియదు.

తర్వాతి మీటింగు డిసెంబర్ 14న. ఈ నాలుగు వారాల్లో ఆ ఒక్క కుటుంబానికి 2022 అక్టోబర్ నుంచి బతుకు ఖర్చు ఎంత పెరిగిందో లెక్క కట్టాలని కూర్చున్నాను. సర్కారు దేశమంతటికీ చేసే పనినే ఒక్క ఇంటికి చేయడం. చేసింది చేసినట్టు ఇక్కడ రాసుకుంటూ పోతాను, తప్పులతో సహా.

17 నవంబర్

మొదట ఆ 0.25 సంగతి తేల్చుకున్నాను. అది 2024 అక్టోబర్‌తో పోలిస్తే వచ్చిన మార్పు మాత్రమే. ఆ 2024 అక్టోబర్‌లో ఇదే రేటు 6.21 శాతం, కూరగాయలు మండిపోయిన నెల అది. అంత ఎత్తు నుంచి కొలిస్తే ఈ ఏడాది తక్కువగానే కనిపిస్తుంది. దానికి తోడు కూరగాయలు, పప్పులు దిగాయి, సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. ఆహార ధరలు ఏడాదిలో 5 శాతం దాకా తగ్గాయన్నది నిజమే. కానీ మెట్లెక్కిన మనిషి ఒక మెట్టు మీద ఆగితే కిందికి దిగినట్టు కాదు కదా.

మన వాచ్‌మన్ జీతం ఆగిపోయింది 2022లో. కాబట్టి మూడేళ్లూ కలిపి చూడాలి. 2023 అక్టోబర్ 4.87, 2024 అక్టోబర్ 6.21, 2025 అక్టోబర్ 0.25. వీటిని కూడకూడదు, గుణించాలి: 1.0487 × 1.0621 × 1.0025. వచ్చింది 1.1166, అంటే దాదాపు 11.7 శాతం. పావు శాతం ఎక్కడ, పదకొండున్నర పైన ఎక్కడ! పేపర్లో వచ్చిన అంకె తప్పు కాదు, మన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఈ 11.7 మా వాచ్‌మన్ కుటుంబానిది కాదు, దేశంలో సగటు కుటుంబానిది. ఆ సగటు కుటుంబం ఎవరో చూడాలి.

19 నవంబర్

వినియోగదారుల ధరల సూచీని జాతీయ గణాంక కార్యాలయం నెలనెలా విడుదల చేస్తుంది. ఈ అక్టోబర్ అంకె వచ్చిన సిరీస్‌కి 2012 ఆధారం, అంటే ఆ ఏడాది ధరలను 100 అనుకుంటారు. పట్టణాల్లో 1,114 మార్కెట్లు, 1,181 పల్లెల నుంచి ధరలు తీసుకుంటారు. సగటు ఇల్లు కొనే సరుకులన్నీ కలిపి ఒక బుట్ట అనుకుంటే, అందులో ఏ వస్తువుకు ఎంత భారం, అంటే ఖర్చులో ఎంత వాటా, అన్నది 2011-12 కుటుంబ వ్యయ సర్వే నుంచి వచ్చింది. ఆ భారాల దగ్గరే నాకు కావలసింది దొరికింది. పట్టణ బుట్టలో తిండికి 36.29 శాతం, ఇంటి అద్దెకు 21.67. పల్లె బుట్టలో తిండికి 54.18, అద్దె అసలు లేదు.

మన వాచ్‌మన్ ఉండేది నెల్లూరు టౌనులోనే, కానీ పార్కింగు పక్కన గదిలో, అద్దె లేకుండా, కరెంటు కామన్ మీటరు మీద. అంటే పట్టణ బుట్టలో అయిదో వంతుకు పైగా ఆయనది కాదు. అద్దె పోయినప్పుడు మిగతావన్నీ పెద్దవవుతాయి, ముఖ్యంగా తిండి. ఊరు పట్టణం, బుట్ట పల్లెటూరిది. కాబట్టి సొంతంగా కొలవాల్సిందే.

21 నవంబర్

వాళ్లావిడతో గంటన్నర మాట్లాడాను. వాళ్లది ఉదయగిరి వైపు పల్లె. మొగుడూ పెళ్లాం, కూతురు, కొడుకు. అత్తగారు ఊర్లో ఉంటుంది, ఆమె మాత్రల ఖర్చు వీళ్లదే. ఎందుకు అడుగుతున్నానో ముందే చెప్పాను, చెప్పకుండా ఇంకొకరి ఇంటి ఖర్చు అడగడం మర్యాద కాదు. ఆమె ఒప్పుకుంది, మొగుణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టింది.

ఇక్కడే పెద్ద తప్పు చేశాను. బియ్యం, పప్పులు, పాలు, గ్యాస్, ఫోను, మందులు ఇలా పద్నాలుగు పద్దులు రాసుకుని, ఒక్కోదానికి అప్పుడు నెలకు ఎంత అయ్యేది, ఇప్పుడు ఎంత అవుతోంది అని అడుగుతూ పోయాను. ఇంటికొచ్చి కూడితే 2022లో 9,064 రూపాయలు, ఇప్పుడు 8,958. తగ్గింది! అరగంట సేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను, అంకుల్ చెప్పిందే నిజమా అని టెన్షన్ పట్టుకుంది.

22 నవంబర్

పొద్దున్నే మళ్లీ కిందికి వెళ్లి అడిగాను, పాల ఖర్చు ఎలా తగ్గిందని. "అప్పుడు రోజూ అరలీటరు ప్యాకెట్ తెచ్చేవాళ్లం అక్కా, ఇప్పుడు రోజు మార్చి రోజు తెస్తుండాం" అంది. మందులు? అత్తగారు బీపీ మాత్ర కూడా రోజు మార్చి రోజు వేసుకుంటోందట. "ఏం చేసేదక్కా, పిలకాయలకి ముందు చూసుకోవాల కదా" అంది మామూలుగా, కూరలో ఉప్పు తగ్గించిన సంగతి చెప్పినట్టు.

జీతం పెరగకపోతే ఖర్చు ఎలా పెరుగుతుంది? చేతిలో ఉన్నంతే ఖర్చు పెడతారు, ధర పెరిగితే సరుకు తగ్గించుకుంటారు. ఖర్చును చూసి ధరలు పెరగలేదనడం అంటే, జీతం పెంచనందువల్ల వాళ్లు కడుపు కట్టుకున్నారు కాబట్టి జీతం పెంచక్కర్లేదు అనడమే. ఇది నేను రాత్రి వేసిన లెక్కలో దాగి ఉన్న అన్యాయం. అందుకే ధరల సూచీ ఖర్చును కొలవదు. అప్పుడు ఎంత పరిమాణంలో కొన్నారో అంతే ఇప్పుడూ కొంటే ఎంత అవుతుంది అని కొలుస్తుంది. జర్మనీ ఆర్థికవేత్త లాస్పియర్ 1871లో చెప్పిన పద్ధతి ఇదే, మన దేశపు సూచీకి కూడా మూలం ఇదే. పరిమాణాలు పాతవి, ధరలు కొత్తవి.

దీనికీ ఒక లోపం ఉంది. సన్‌ఫ్లవర్ పెరిగితే జనం పామాయిల్‌కి మారతారు, పాత బుట్టనే పట్టుకుంటే పెరుగుదల కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పటి పరిమాణాలతో వెనక్కి కొలిచే పద్ధతి ఇంకొకటి ఉంది, పాషే సూచీ అంటారు, అందులో తక్కువగా వస్తుంది. ఆ రెంటి మధ్యే నిజం ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. కానీ ఇష్టపడి మారడం వేరు, బీపీ మాత్ర మానేయడం వేరు. నేను పాత బుట్టతోనే వెళ్తాను.

25 నవంబర్

2022 ధరలు ఎక్కడ దొరుకుతాయి? జ్ఞాపకాన్ని నమ్మకూడదని నాకు ఇప్పటికే అర్థమైంది, అందరికీ టమేటాలు కిలో 150 దాటిన 2023 జూలై గుర్తుంది గానీ 2022 అక్టోబర్ గుర్తులేదు. మా వీధి చివర అంగడాయన పాత చిట్టా పుస్తకాలు పారేయలేదు, అదే నా అదృష్టం. మెట్ల కింద అట్టపెట్టెలో నుంచి దుమ్ము దులిపి 2022 దసరా, దీపావళి రోజుల పుస్తకం ఇచ్చాడు. వాచ్‌మన్ కుటుంబం ఖాతా అందులోనే ఉంది. వాళ్లిద్దరినీ అడిగే తెరిచాను.

బియ్యం దగ్గరే మొదటి చిక్కు. పుస్తకంలో "బియ్యం బస్తా 1 – 1,200" అని ఉంది. ఇప్పుడు అదే రకం బస్తా 1,430. నేను 19 శాతం పెరిగిందని వేసేశాను. అంగడాయనే ఆపాడు: "అప్పటి స్టాకు ఇరవై అయిదు కేజీల బస్తా అక్కా, ఇప్పుడొచ్చేది ఇరవై ఆరు." 2022 జూలై 18 నుంచి 25 కేజీల వరకు లేబుల్ ఉన్న ప్యాకింగు మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది, దాన్ని తప్పించుకోవడానికి మిల్లుల వాళ్లు 26 కేజీల బస్తాలకి మారారు. కిలోకి చూస్తే అప్పుడు 48, ఇప్పుడు 55. పెరుగుదల 14.6 శాతం. ఒక్క కిలో తేడాతో దాదాపు అయిదు శాతం తప్పు దొర్లేది. ఇకనుంచి ప్రతి ప్యాకెట్ వెనక్కి తిప్పి నికర బరువు చదువుతాను.

26 నవంబర్

గుడ్లు, చికెన్ ధరలు పోయిన వారమే తీసుకున్నాను, వాటిని కొట్టేశాను. అప్పుడు కార్తీక మాసం. కార్తీకంలో మా వైపు సగం ఇళ్లలో నీచు ముట్టరు, చికెన్ అంగళ్లు ఖాళీగా ఉంటాయి, ధర దిగుతుంది. నవంబర్ 20తో మాసం అయిపోయింది కాబట్టి ఈ వారం మళ్లీ మూడు అంగళ్లలో అడిగాను. గుడ్డు 2022లో 5.50, ఇప్పుడు 7. చికెన్ కిలో 235 నుంచి 260. మూడు అంగళ్ల పెరుగుదలల సగటుకి మామూలు సగటు కాకుండా గుణమధ్యమం (కూడి భాగించే బదులు, గుణించి మూలం తీసే సగటు) వాడాను, సర్కారు సూచీలోనూ అదే వాడతారు. ఒక అంగడివాడు విపరీతంగా పెంచినా దానివల్ల మొత్తం లెక్క మామూలు సగటులో అంతగా చెదరదు.

కందిపప్పు ఆశ్చర్యపరిచింది. మధ్యలో రెండేళ్లు అంత ఎక్కి, ఇప్పుడు దాదాపు 2022 ధరకే వచ్చింది. పామాయిల్ అలా కాదు, ప్యాకెట్ 102 నుంచి 129. 2024 సెప్టెంబర్‌లో దిగుమతి సుంకం పెంచారు, ముడి నూనె మీద 5.5 శాతం ఉన్నది 27.5 అయింది, 2025 మే నెలాఖరున 16.5కి తగ్గించారు, కానీ అంగట్లో ధర పాత చోటికి రాలేదు.

29 నవంబర్

ట్యూషన్ ఫీజు. 2022లో కూతురు పదో తరగతి, ట్యూషన్‌కి నెలకు 800. ఇప్పుడు కొడుకు పదో తరగతి, అదే టీచరు దగ్గర 1,100. లెక్కల ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి పోలిక దొరకదు: అదే టీచరు, అదే తరగతి, అదే సబ్జెక్టులు. 37.5 శాతం. కూతురు ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాది, ఆ ఖర్చు చాలానే ఉంది, కానీ దాన్ని కలపలేదు. పిల్లలు పెరగడం వల్ల వచ్చే ఖర్చు నిజమైన బరువే, కానీ అది ధర పెరగడం కాదు. దాన్ని కలిపితే అంకె పెద్దదై నాకు అనుకూలంగా ఉంటుంది, మీటింగులో మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

ఫోను రీచార్జి సులువు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి, వీళ్లు వేయించే 28 రోజుల ప్యాకు 239 నుంచి 299. రెండు ఫోన్లు.

సబ్బులు, పేస్టు, షాంపూ మీద జీఎస్టీ 18 నుంచి 5కి తగ్గడం అంగట్లో కనిపిస్తోంది, మూడేళ్లలో మొత్తమ్మీద 5 శాతమే పెరిగాయి. బట్టలు 15, చిల్లర సరుకులు 10, కూరగాయలు 2. మాత్రలూ డాక్టరూ కలిపి 30.

3 డిసెంబర్

దిత్వా తుఫాను వానలు, మార్కెట్టులో ఆకుకూరలు, టమేటాలు ఒక్కసారిగా ఎక్కాయి. ఈ వారం ధరలు ముట్టుకోలేదు, కూరగాయల మార్కెట్టులో నవంబర్ మూడు వారాలు రాసుకున్నవే ఉంచాను.

6 డిసెంబర్

రెండు రోజులుగా నన్ను తినేస్తున్న పద్దులు రెండు: గ్యాసూ, బస్సూ.

గ్యాస్ సిలిండర్ ధర 2023 మార్చిలో 50 పెరిగింది, ఆ ఆగస్టు చివర 200 తగ్గింది, 2024 మార్చిలో ఇంకో 100 తగ్గింది, 2025 ఏప్రిల్‌లో 50 పెరిగింది. మొత్తం మీద 2022 అక్టోబర్ కంటే 200 తక్కువ, మా దగ్గర సుమారు 1,080 నుంచి 880. వీళ్లకి ఏడాదికి ఎనిమిది సిలిండర్లు. దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచితం, డబ్బు ముందు కట్టినా ఖాతాలో తిరిగి పడుతుంది. అంటే కట్టేది అయిదింటికే. నెలకు 720 అయ్యేది 367 అయింది. ఇక 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఉదయగిరి రాకపోకలకు ఇద్దరికీ 400 అయ్యేది 200 అవుతోంది.

ఇవి కలిపి, అన్ని పద్దుల్లో పాత పరిమాణాలకే ఇప్పటి ధర కడితే, మొత్తం 9,064 కాస్తా 9,798. పెరుగుదల 8.1 శాతం. పథకాలు లేవనుకుని, గ్యాసుకి ఎనిమిది సిలిండర్లకూ ఇప్పటి ధర కట్టినట్టు 587, బస్సుకి పాత 400 వేస్తే 10,218. పెరుగుదల 12.7.

ఏది నిజం? రెండూ నిజమే, ప్రశ్నలు వేరు. ఆ కుటుంబం జేబు నుంచి ఎంత పోతోంది అంటే 8.1. అంగట్లో ధరలు ఎంత పెరిగాయి అంటే 12.7. జీతం విషయంలో ఏది వాడాలి? నాకు తోచింది రాస్తున్నాను. ఉచిత సిలిండరూ ఉచిత బస్సూ ఆ ఇంటి ఆడమనిషికి ప్రభుత్వం ఇచ్చింది, మన అపార్ట్‌మెంటుకి ఇవ్వలేదు. ఆ మిగులును జీతంలో తగ్గించుకుంటే పథకం లాభం వచ్చేది ఇరవై ఫ్లాట్ల వాళ్లకి. 12.7తోనే వెళ్తాను, కానీ 8.1 కూడా దాచకుండా కాగితం మీద పెడతాను.

ఇంకొకటి, 2022 ఖర్చులో తిండి వాటా 5,166, అంటే 57 శాతం. పల్లె బుట్టలోని 54 కంటే కూడా ఎక్కువ.

14 డిసెంబర్, ఆదివారం

మీటింగ్ అయింది. ఒక్క పేజీ ప్రింట్ తీసి అందరికీ ఇచ్చాను: పద్నాలుగు పద్దులు, 2022 పరిమాణం, అప్పటి ధర, ఇప్పటి ధర. ఇంటి విషయాలు అనవసరంగా బయటపడకుండా మాత్రల సంగతి "వైద్యం" అని మాత్రమే రాశాను.

అనుకున్న ప్రశ్నే వచ్చింది: "అద్దె లేదు, కరెంటు లేదు, గ్యాస్ ఫ్రీ, బస్సు ఫ్రీ." అద్దె లేనందువల్లే తిండి ధరలు వాళ్లని ఎక్కువ తాకుతాయని 57 శాతం చూపించాను. పథకాల గురించి పైన రాసిందే చెప్పాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు మధ్యస్థంగా పదిశాతం చేద్దామన్నారు.

అప్పుడు మూడో ఫ్లోర్ అంకుల్‌ని అడిగాను, ఆయన కేంద్ర ప్రభుత్వ పెన్షనరు. ధరలు పెరిగేకొద్దీ పెన్షన్ మీద కలిపే శాతాన్ని డీఆర్ అంటారు. "అంకుల్, 2022 అక్టోబర్‌లో మీ డీఆర్ ఎంత?" 38 శాతం. ఇప్పుడు? జూలై నుంచి 58. అది కూడా ఒక ధరల సూచీ నుంచే వస్తుంది. కార్మిక బ్యూరో 88 కేంద్రాల్లో పారిశ్రామిక కార్మికుల ధరలు సేకరించి వేసే సూచీ అది, 2016 ఆధారం. ఏడాదికి రెండుసార్లు, ఆయన ఎవరినీ అడగక్కర్లేకుండా పెన్షన్‌లో కలుస్తుంది. వంద రూపాయల మూల పెన్షన్‌కి 138 వచ్చేది 158 అయింది, అంటే 14.5 శాతం. అంకుల్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "మాకు సూచీ ఉందమ్మా, అతనికి మనమే ఉండాల" అన్నారు. నేను వేసిన పద్నాలుగు పద్దుల కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసింది.

9,000 మీద 12.7 అంటే 10,143. గుండ్రంగా 10,200 చేశారు, జనవరి నుంచి. ఫ్లాటుకి నెలకు అరవై రూపాయలు. ప్రతి అక్టోబర్‌లో ఇదే పట్టికతో మళ్లీ చూడాలని మినిట్స్‌లో రాయించాను. మూడేళ్లు పోయింది మాత్రం తిరిగి రాదు, ఆ మాట కూడా మినిట్స్‌లో రాయమన్నాను, రాశారు.

20 డిసెంబర్

వచ్చే అక్టోబర్ కోసం పట్టిక సరిచేస్తుంటే వాళ్లావిడ పైకి వచ్చింది. అత్తగారిని మొన్న డాక్టరుకి చూపించారట, మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని గట్టిగా చెప్పాడట. జన ఔషధి అంగట్లో అదే మందు వేరే పేరుతో చాలా తక్కువకి దొరికిందని చీటీ చూపించింది. ఇకనుంచి రోజూ వేసుకుంటుంది.

పట్టికలో ఆ వరస దగ్గర ఇప్పుడు ఆగాను. మందు అదే, మోతాదు అదే, పేరు వేరు, ధర తక్కువ. ఒకే వస్తువు చవకైంది అనాలా, వస్తువు మారింది అనాలా? ప్రస్తుతానికి రెండు వరసలు పెట్టాను, పాత పేరు మాత్ర ధర ఒకటి, ఈ మాత్ర ధర ఒకటి. ప్రతి నెలా పదో తారీఖున రెండూ రాస్తాను.